సొంతం కాని తుపాకీని పూర్తిగా తెలుసుకోవడం ఎలా

లండన్‌లో హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు చేసే రాయల్ అనే జంట గొట్టాల రైఫిల్ అంటే నాకు ప్రాణం. కొత్తది చేయించుకోవాలంటే లక్ష పౌండ్లు దాటుతుంది, మన డబ్బులో కోటికి పైమాటే. కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన నా పెన్షన్‌కు అది అందేది కాదు. డబ్బుండి కూడా లాభం లేదు. 1980ల నడుమ నుంచి మన దేశంలో మామూలు పౌరుడు విదేశీ తుపాకీ తెప్పించుకోవడానికి వీల్లేదు. పోటీల్లో పేరు తెచ్చుకున్న షూటర్లకే ఆ మినహాయింపు.

అయినా ఆ రైఫిల్ లోపల ఏ ముక్క ఏం పని చేస్తుందో, ఆ గొట్టాలను ఎట్లా అతుకుతారో, ఆ బోరు (గొట్టం లోపలి వెడల్పు) ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. దాన్ని కొనగలిగిన వాళ్లలో చాలామందికి ఇంత తెలియదని గట్టిగా నమ్ముతాను. హన్మకొండలో మా గల్లీ పిల్లలు ఫోన్లో బొమ్మలు చూపించి "పెద్దనాన్నా, గిది మంచిదా, గది మంచిదా" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పే పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఎక్కడా చట్టం దాటాల్సిన పని లేదు, పెద్ద ఖర్చు కూడా లేదు. ఒక నోటుపుస్తకం, ఒక స్కేలు, హైదరాబాద్ దాకా రైలు టికెట్టు ఉంటే చాలు.

ముందు జాబితాను కుదించండి

ఇష్టమైన తుపాకులన్నీ రాసుకుంటూ పోతే ఒక్కటి కూడా తెలియదు. నాలుగైదు చాలు. ప్రతిదాని పక్కన "ఇది నాకెందుకు కావాలి" అని ఒక్క వాక్యం రాయండి. ఖరీదైనదనో, సినిమాలో చూశాననో రాయాల్సి వస్తే కొట్టేయండి. ఆ తుపాకీలో మాత్రమే ఉన్న పని ఏదో ఆ వాక్యంలో కనపడాలి. నా జాబితా ఇది.

హాలండ్ రాయల్, .470 లేదా .465 బోరు: రెండు గొట్టాలూ ఒకే చోట కొట్టేలా చేతితో సరిచేసే విద్య కోసం. రిగ్బీ .275: జర్మన్ మౌజర్ యంత్రాన్ని తీసుకుని ఇంగ్లిష్ కంపెనీ తీర్చిన తీరు కోసం. చంపావత్ పులిని చంపినందుకు 1907లో వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చింది ఈ రకమే. ఆ పులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. మాన్లికర్ షోనావర్ 1903: బోల్టు (తూటాను లోపలికి తోసి గొట్టాన్ని మూసే ఉక్కు కడ్డీ) జారే తీరు, లోపల తిరిగే మ్యాగజీన్ (తూటాలు నింపే గూడు) కోసం. లండన్ పర్డీ కంపెనీ జంట గొట్టాల షాట్‌గన్ (ఒక్క గుండుకు బదులు చిన్న గుళ్లు చల్లే తుపాకీ): ఒక్క స్ప్రింగుతో రెండు పనులు చేయించిన తెలివి కోసం. చివరిది ఇటలీ పెరాజీ ఎంఎక్స్8, గాల్లోకి విసిరిన మట్టి పళ్లేలను కొట్టే ట్రాప్ పోటీల తుపాకీ. ట్రిగ్గర్ భాగం మొత్తం చేత్తో ఊడి వస్తుంది కాబట్టి పోటీ నడుమ స్ప్రింగు విరిగితే ఇంకొకటి పెట్టేసుకోవచ్చు. 1968 మెక్సికో ఒలింపిక్స్ కోసం తయారైంది కాబట్టే ఆ పేరు.

యుద్ధ తుపాకులు, ఆటోమేటిక్‌లు నా జాబితాలో లేవు. ఒక ఫిట్టర్ ఆకురాయి పట్టి ఎంత దూరం పోగలడో చూపించే వస్తువులే నాకు కావాలి.

బోరు లెక్క నేర్చుకోండి

చాలామంది ఇక్కడే తికమక పడతారు. 12 బోరు అంటే 12 మిల్లీమీటర్లు కాదు. ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. లెక్క వేస్తే 0.729 అంగుళం, అంటే 18.5 మిల్లీమీటర్లు. 20 గుండ్లు చేస్తే ఒక్కొక్కటి చిన్నదవుతుంది కాబట్టి 20 బోరు సన్నది. షాట్‌గన్‌లలో .410 మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది నేరుగా అంగుళాల్లో కొలత. రైఫిళ్లలో అంకె సాధారణంగా అంగుళంలో వెయ్యో వంతులు. మా షెడ్డు భాషలో థౌ. .470 అంటే దాదాపు 470 థౌ.

మీ జాబితాలో ప్రతి బోరుకూ ఒక పుట్టుక కథ ఉంటుంది, అది పట్టుకోండి. నా .470 కథ మన దేశానిదే. 1900ల మొదట్లో పెద్ద జంతువుల వేటకు .450 బోరు బాగా నడిచేది. బ్రిటిష్ సైన్యం పాత మార్టిని హెన్రీ తుపాకులు .577/450 బోరువి. వేట తూటాల నుంచి గుండ్లు తీసి తిరుగుబాటుదారులు వాటిలో వాడతారన్న భయంతో ఇండియాలో, సుడాన్‌లో .450 బోరును నిషేధించారు. అప్పుడు లండన్, బర్మింగ్‌హాం కంపెనీలు ఆ అంకె తప్పించుకోవడానికి .465, .470, .475, .476 అని కొద్దికొద్ది తేడాలతో కొత్త బోరులు తెచ్చాయి. ఇప్పుడు ఆఫ్రికా వేటగాళ్లు గొప్పగా చెప్పుకునే .470 వెనక మన దేశం మీద పెట్టిన ఒక ఆంక్ష ఉందన్నమాట. ఇది తెలిశాక ఆ అంకె నాకు మరింత దగ్గరైంది.

బలం కూడా లెక్క వేసి రాసుకోండి. .470 గుండు 500 గ్రెయిన్లు, అంటే సుమారు 32 గ్రాములు. సెకనుకు 650 మీటర్ల పైచిలుకు వేగం. బరువును కిలోల్లో పెట్టి, వేగాన్ని దాంతోనే గుణించి, రెండింటినీ గుణించి సగం చేస్తే దాదాపు 7000 జౌళ్లు వస్తుంది. మన దగ్గర లైసెన్సు లేకుండా దొరికే ఎయిర్ రైఫిల్ హద్దు 20 జౌళ్లు. ఈ రెండంకెలూ పక్కపక్కన రాసుకుంటే, ఐదు కిలోల బరువున్న రైఫిల్ కూడా భుజాన్ని ఎందుకు అంత గట్టిగా తంతుందో అర్థమవుతుంది.

లోపలి పని చదవండి

తుపాకీని బయటి అందంతో ప్రేమిస్తే ఏడాది ఉంటుంది. లోపలి పనితో ప్రేమిస్తే పోదు.

బోల్టు రైఫిల్‌తో మొదలుపెట్టండి, తేలిక. మన పోలీసుల చేతుల్లో ఏళ్ల తరబడి చూసిన .303 లీ ఎన్‌ఫీల్డ్, జర్మన్ మౌజర్ 98, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఎన్‌ఫీల్డ్ బోల్టు 60 డిగ్రీలే తిరుగుతుంది, పేలుడుకు వెనక్కి రాకుండా బోల్టును బిగించే చెవులు (బోల్టు మీది ఉబ్బెత్తు ముక్కలు) వెనక ఉంటాయి, బోల్టు మూస్తున్నప్పుడు స్ప్రింగు బిగుస్తుంది. అందుకే చెయ్యి వేగంగా ఆడుతుంది. మౌజర్ బోల్టు 90 డిగ్రీలు తిరుగుతుంది, చెవులు ముందు, తూటా గది దగ్గరే ఉంటాయి, తెరిచేటప్పుడే స్ప్రింగు బిగుస్తుంది. చెవులు ముందుంటే పేలుడు ఒత్తిడి బోల్టు పొడవంతా పాకదు, ఉక్కు సాగడం తక్కువ. పైగా మౌజర్‌కు పక్కన ఒక పొడవాటి కొక్కెం ఉంటుంది. మ్యాగజీన్‌లోంచి పైకి వస్తున్న తూటా అంచును అది ముందే పట్టుకుని, లోపల పెట్టేదాకా, మళ్లీ బయటికి లాగేదాకా వదలదు. రిగ్బీ లాంటి కంపెనీలు పులి ఎదురుగా నిలబడే మనిషి కోసం మౌజర్‌నే ఎంచుకోవడానికి ఈ కొక్కెం పెద్ద కారణం.

మాన్లికర్ షోనావర్‌లో మ్యాగజీన్ వేరు. తూటాలు ఒకదాని మీద ఒకటి కాకుండా తిరిగే కండె చుట్టూ గాడుల్లో కూర్చుంటాయి. బోల్టు ముందుకు పోయినప్పుడల్లా కండె తిరిగి ఇంకో తూటాను పైకి ఇస్తుంది. 1903లో గ్రీసు సైన్యం దీన్ని తీసుకుంది, తర్వాత అదే యంత్రంతో పొట్టి గొట్టం, మూతి దాకా చెక్క ఉన్న వేట రైఫిల్ వచ్చింది. ఈ కండె గాడులు ఒక్క తూటా ఆకారానికే కుదురుతాయి. బోరు మారిస్తే కండె మార్చాలి. అంత కచ్చితంగా చేసిన వస్తువు తయారీకి ఖర్చెక్కువ, అందుకే అలాంటివి ఇప్పుడు తక్కువ.

షాట్‌గన్‌లలో ముందు రెండు కుటుంబాలు తెలుసుకోవాలి. యంత్రం పక్క పలక మీద అమర్చి ఉంటే సైడ్‌లాక్, గొట్టాల వెనకున్న ఉక్కు దిమ్మె లోపలే ఉంటే బాక్స్‌లాక్. బాక్స్‌లాక్ బర్మింగ్‌హాంలో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసిన ఆన్సన్, డీలీలది, 1875. గొట్టాలు కిందికి వంచితే ఆ బరువుతోనే లోపలి సుత్తులు బిగుస్తాయి. ముక్కలు తక్కువ, గట్టిది, చవక. సైడ్‌లాక్‌లో ముక్కలు ఎక్కువ, కానీ మంచి సైడ్‌లాక్‌లో సుత్తిని ఆపి పట్టే కొక్కేనికి తోడు రెండో కొక్కెం ఒకటి కాపలా ఉంటుంది. తుపాకీ కింద పడి మొదటి కొక్కెం జారినా, సుత్తి పడకుండా అది ఆపుతుంది. పర్డీలో బీస్లీ అనే పనివాడి పద్ధతి ఉంది, 1880 నాటిది. స్ప్రింగు ఒక కాలు సుత్తిని కొడుతుంది, రెండో కాలు తుపాకీని దానంతట అదే తెరుచుకునేలా చేస్తుంది. తెరవడం తేలిక, మూసేటప్పుడు మాత్రం స్ప్రింగును బిగించే బలం మీ చేతి నుంచే పోవాలి.

ఈ ముక్కలను ఎట్లా కుదురుస్తారన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. షెడ్డులో రెండు ముఖాలు సరిగా కూర్చున్నాయా అని చూడటానికి ఒకదానికి నీలి రంగు పూసి రెండోదానికి ఆనించేవాళ్లం. రంగు అంటిన చోట ఎత్తు ఉన్నట్టు. లండన్ తుపాకీ పనివాళ్లు దీపం మసి వాడతారు. గొట్టాల కింది భాగానికి మసి పట్టించి, దిమ్మెలో పెట్టి తీసి, మసి అంటిన చోటే ఆకురాయితో ఒక్క గీత. మళ్లీ మసి, మళ్లీ గీత. అన్ని చోట్లా ఒకే తీరుగా మసి అంటేదాకా ఇదే పని. తుపాకీ మూసినప్పుడు అతుకు గీత కనపడకపోవడం వెనక ఉన్నది ఇదే. ఆర్డరిచ్చాక ఏళ్ల తరబడి ఎందుకు ఆగాలో, ధర ఎందుకు అంతో దీంతో తెలిసిపోతుంది.

ఇక రెండు గొట్టాలను ఒక గురికి తేవడం. రెండు గొట్టాలూ సమాంతరంగా అతికిస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. సరిపోదు. కుడి గొట్టం పేలినప్పుడు గుండు బయటికి రాకముందే రైఫిల్ పైకీ కుడికీ తిరగడం మొదలుపెడుతుంది. ఎడమది పేలితే ఎడమకు. సమాంతరంగా ఉంటే గుండ్లు, కాడి విప్పిన ఎడ్లలాగ, చెరో దిక్కు పోతాయి. అందుకని గొట్టాల మూతులు కాస్త లోపలికి చూసేలా పెట్టాలి. ఎంత అన్నది కాగితం మీద లెక్కతో పూర్తిగా తేలదు, కాల్చి చూడాల్సిందే. మూతుల మధ్య చిన్న ఉక్కు చీల ఉంటుంది. పనివాడు కుడి, ఎడమ గుండ్లు కాల్చి, లక్ష్యం మీద ఎంత తేడా వచ్చిందో చూసి, మూతి దగ్గర వేడిచేసి అతుకు మెత్తబరిచి, చీలను కొద్దిగా జరిపి, మళ్లీ కాలుస్తాడు. 50 నుంచి 100 గజాల దూరంలో రెండూ ఒక చోట పడేదాకా ఇదే.

అలా కుదిర్చిన రైఫిల్ ఒక్క రకం తూటాకే కుదురుతుంది. గుండు బరువు మార్చినా, పేలుడు మందు మార్చినా గురి చెదురుతుంది. ఇక్కడ మన వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. ఆ కాలం కార్డైట్ మందు ఎండకు వేడెక్కితే ఒత్తిడి పెరిగేది. చల్లటి ఇంగ్లండ్‌లో సరిచేసిన రైఫిల్ మన మే నెలలో వేరేగా నడుస్తుంది. అందుకే మందు కాస్త తగ్గించిన తూటాలు, ట్రాపికల్ అనే పేరుతో, వేడి దేశాల కోసం వేరుగా చేసేవాళ్లు. వరంగల్ ఎండలో నిలబడి ఆ ట్రాపికల్ అనే మాట చదివితే మనకు దాని అర్థం వెంటనే ఎక్కుతుంది.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటే, పేటెంటు కాగితాల్లో. పాత పేటెంట్లు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. జాన్ బ్రౌనింగ్ 1900లో పొందిన ఆటో లోడింగ్ షాట్‌గన్ పేటెంటు బొమ్మలు ఒకసారి తెరిచి చూడండి, ప్రతి ముక్కకూ అంకె ఉంటుంది. నోటుపుస్తకంలో మీ చేత్తో ఆ బొమ్మ దించండి. బొమ్మ అందంగా రానక్కర్లేదు. ఏ ముక్క దేన్ని తోస్తుందో బాణం గీయగలిగితే మీకు అర్థమైనట్టే.

కళ్లారా చూడటం

పొద్దున్నే కాజీపేటలో రైలెక్కితే సాలార్‌జంగ్ మ్యూజియం చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. శుక్రవారం పోకండి, సెలవు. ఆయుధాల గదిలో కత్తుల దగ్గర జనం ఉంటారు, ఒత్తి అంటించి పేల్చే పాత తుపాకుల దగ్గర ఖాళీగా ఉంటుంది, మనకు అదే మేలు. మా గల్లీ పిల్లగాడిని ఒకసారి తీసుకుపోతే వాడు మొత్తం గదిని ఒక్క చుట్టు చుట్టి "అయిపోయింది పెద్దనాన్నా" అన్నాడు. "ఒక్క తుపాకీ కాడ కూసో, దాని ఒత్తి యాడ అంటిస్తరో నాకు చూపియ్" అన్నాను. వాడు దొరకబుచ్చుకునేదాకా మేం అక్కడి నుంచి కదల్లేదు. మీరూ అట్లాగే చూడండి. అద్దం ఎత్తుకు వంగి పక్కనుంచి చూడాలి. మందు పోసే పళ్లెం, గొట్టానికి ఉన్న చిన్న రంధ్రం, ఒత్తిని కిందికి దించే కొంకి, గొట్టాన్ని చెక్కకు కట్టిన పట్టీలు, ఈ నాలుగు చూస్తే చాలు. పర్డీ సైడ్‌లాక్ దాకా వచ్చిన దారి ఆ కొంకితోనే మొదలైంది. అదే రోజు ఓపికుంటే అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ కూడా చూడండి. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1795 ప్రాంతంలో ఫిరంగులు పోయించిన చోటు అది.

పాత షాట్‌గన్ గొట్టాల మీద నీటి అలల్లాంటి గీతలు కనపడితే దాన్ని దమాస్కస్ గొట్టం అంటారు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు ముద్దలను ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. దమాస్కస్ కత్తులకు పేరు తెచ్చింది ఇలాంటి దక్కను ఉక్కే. ఇది మనం గర్వంగా చెప్పుకోవాలి. కానీ ఐరోపా తుపాకీ గొట్టాల దమాస్కస్ వేరే పని. ఇనుప, ఉక్కు కడ్డీలను కలిపి మెలితిప్పి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కొట్టి అతికిస్తారు. ఆ అతుకుల గీతలే అలల్లా కనపడతాయి. రెండింటినీ కలిపేసి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు కలపకండి. అలాంటి గొట్టం ఎక్కడైనా దొరికినా కొత్త తూటా పెట్టకూడదు, లోపలి అతుకు తుప్పు బయటికి కనపడదు.

చెక్కుడు పని అర్థం కావాలంటే లండన్ పోనక్కర్లేదు. జనగామ దగ్గర పెంబర్తి ఉంది, హైదరాబాద్ దారిలోనే. అక్కడ ఇత్తడి రేకు మీద పనివాళ్లు ఉలితో లతలు ఎట్లా తీస్తారో కాసేపు నిలబడి చూడండి. ఉలి కోణం కొద్దిగా మారితే గీత వెడల్పు మారుతుంది. మలుపు దగ్గర చెయ్యి తిరగదు, వస్తువే తిరుగుతుంది. ఇది చూశాక పర్డీ మీదున్న సన్నని గులాబీ పూల చెక్కుడు, హాలండ్ రాయల్ మీదున్న పెద్ద ఆకుల లతలు చూస్తే ఏ చెయ్యి ఎంత లోతుకు పోయిందో మీకు తెలుస్తుంది.

ఆర్డరు కాగితం రాయండి

ఇది నాకు బాగా నచ్చిన పని, మీతో కూడా చేయిస్తాను. జాబితాలోని షాట్‌గన్‌ను దాని కంపెనీకి నిజంగా ఆర్డరిస్తున్నట్టు ఒక కాగితం రాయాలి. ఏది రాయాలో తెలియని చోట మీకు ఏది తెలియదో బయటపడుతుంది.

మొదట మీ శరీర కొలత. మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి, మోచేతి లోపలి మడత నుంచి చూపుడువేలు మొదటి కణుపు దాకా కొలవండి. ట్రిగ్గర్ నుంచి మడమ (భుజానికి ఆనే చెక్క కొస) చివరి దాకా చెక్క పొడవుకు అది ఉజ్జాయింపు. మామూలు ఎత్తున్న మగవాళ్లకు 14 నుంచి 14.5 అంగుళాలు వస్తుంది. తర్వాత కన్ను. దూరంగా ఒక స్తంభానికి రెండు కళ్లూ తెరిచి వేలు చూపించండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను మూస్తే వేలు పక్కకు జరిగిందో అదే మీ గురి కన్ను. కుడిచేతి వాటం, ఎడమ కన్ను అయితే చెక్కను ఎట్లా వంచాలన్న పెద్ద చర్చ ఉంటుంది, దాని గురించి తప్పకుండా చదవండి.

గొట్టం పొడవు 28 అంగుళాలు రాయండి, మారుస్తారా అన్నది తర్వాత. చోక్ అంటే మూతి దగ్గర బోరు ఎంత సన్నబడిందన్నది. ఫుల్ చోక్ అంటే సుమారు 40 థౌ, హాఫ్ అంటే దాదాపు 20. ఫుల్ చోక్‌తో 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో 70 శాతం గుళ్లు పడాలన్నది పాత కొలమానం. చెక్క అక్రోటుది. చేత్తో పట్టే సన్నని చోట చెక్క ఈనె నేరుగా పోవాలి, రంగురంగుల మెలికలు మడమ వైపు ఉంటేనే మేలు. అడ్డంగా ఈనె పోతే ఆ చోటే విరుగుతుంది. పాలిష్ అవిసె నూనెది, చేత్తో పొర మీద పొర రుద్దినది. చెయ్యి జారకుండా చెక్క మీద తీసే పట్టు గీతలు అంగుళానికి 24.

ఆఖరున చెక్కుడు బొమ్మ. ఏనుగు, పులి అందరూ వేయించుకుంటారు. నా కాగితంలో కుడి పలక మీద రామప్ప గుడి చూరు కింది మదనిక, ఎడమ పలక మీద పాకాల చెరువు గట్టు ఉన్నాయి. ఆ నల్లరాతి బొమ్మ మెడలో హారం కింద రాతిలో తీసిన నీడ చూడండి. ఎనిమిది వందల ఏళ్ల కింద మనవాళ్ల ఉలి అంత సన్నగా పోయింది, ఉక్కు మీద కూడా అట్లాగే రావాలని నా కోరిక. మీ బొమ్మ మీరు ఆలోచించుకోండి, కానీ మీ జిల్లాదే పెట్టండి.

నిజంగా పేల్చాలంటే

తెలుసుకోవడంతో పాటు చెయ్యి కూడా నేర్వాలి. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరండి, .22 రైఫిల్ పట్టుకునే భాగ్యం ఉచితంగా దొరుకుతుంది. లేకపోతే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. .177 బోరు, 20 జౌళ్ల లోపు అయితే లైసెన్సు అక్కర్లేదు, కొనేటప్పుడు గుర్తింపు కార్డు, చిరునామా రుజువు ఇవ్వాలి. దీన్ని చిన్నది అనుకోకండి. 2008లో అభినవ్ బింద్రా బంగారం, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే. లక్ష్యం మొత్తం 45.5 మిల్లీమీటర్లు, పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. కోటి రూపాయల రైఫిల్ చేతికిచ్చినా ఊపిరి, వేలు కుదరని మనిషి దాన్ని ఏం చేసుకుంటాడు?

ఇంట్లో సాధన చేస్తే లక్ష్యాన్ని వట్టి గోడకు ఆనించి పెట్టకూడదు, గుళ్లు ఎగిరి కంటికి తగులుతాయి. మందపాటి చెక్క పెట్టెలో పాత గుడ్డలు, కాగితాలు గట్టిగా కుక్కి పెట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి. పిట్టలను కొట్టొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. చట్టం లేకపోయినా నేను ఒప్పుకోను. పాకాల, ఏటూరునాగారం అడవుల్లో మిగిలిన జీవాలు బతకాలి. నా ప్రేమ యంత్రం మీద.

షాట్‌గన్ శబ్దం వినాలనుంటే హైదరాబాద్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న షూటింగ్ రేంజి గురించి అడిగి, పోటీలప్పుడు చూసేందుకు పోండి. 11 సెంటీమీటర్ల మట్టి పళ్లెం గాల్లో ముక్కలవడం చూస్తే ఫోన్లో చూసినవన్నీ మర్చిపోతారు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో జట్టు బంగారం, సొంతంగా కాంస్యం తెచ్చిన కైనాన్ చెనాయ్ హైదరాబాద్ మనిషే.

లైసెన్సు, అటక మీది తుపాకీ, నాటు తుపాకీ

లైసెన్సు కావాలంటే వరంగల్ కమిషనరేటు పరిధిలో పోలీస్ కమిషనర్‌కు, కమిషనరేటు లేని జిల్లాలో కలెక్టర్‌కు ఫారం ఏ-1 ఇవ్వాలి. 21 ఏళ్లు నిండాలి, కారణం చూపాలి, విచారణ జరుగుతుంది. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, లైసెన్సు ఐదేళ్లు. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పమనవచ్చు. వచ్చినా మీకు అందేది ఇషాపూర్ .315 రైఫిలో, మన దేశంలో చేసిన 12 బోరో. వాటిని తక్కువగా చూడకండి, .315 మంచి రైఫిల్.

పాత విదేశీ తుపాకులు ఇంకా కొన్ని గడీల్లో, పెద్ద కుటుంబాల్లో ఉన్నాయి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు దాటినా, తుపాకీ 25 ఏళ్లుగా ఉన్నా వారసుల పేరు మీదికి మార్చమని అడిగే వీలు నిబంధనల్లో ఉంది. మీ తాత పెట్టెలోంచి కాగితాలు లేని తుపాకీ బయటపడితే మాత్రం దాన్ని తెరవొద్దు, ఫొటో తీసి పెట్టొద్దు, ముందు వకీలుతో మాట్లాడి వెంటనే పోలీసులకు తెలపండి.

అడవి ఊళ్లలో ఎవరైనా "తమ్మీ, మా కాడ నాటు తుపాకీ ఉంది, పేలుస్తవా" అంటే దగ్గరికి కూడా పోకండి. అది జైలు కేసు, సరే. ఫిట్టర్‌గా ఇంకో మాట చెబుతాను. మామూలు 12 బోరు తూటా లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 11,500 పౌండ్ల దాకా పోవచ్చు. అసలు గొట్టాలను అంతకంటే ఎక్కువ ఒత్తిడితో పేల్చి పరీక్షించి ముద్ర వేస్తారు. నాటు తుపాకీకి గొట్టంగా పెట్టే అతుకున్న పైపుకు ఆ పరీక్ష లేదు, పగిలితే పగిలేది పేల్చిన మనిషి మొహం దగ్గరే.

ఏ తుపాకీతో మొదలుపెట్టాలో తేలకపోతే ఆన్సన్ డీలీ బాక్స్‌లాక్ తీసుకోండి. ముక్కలు తక్కువ, బొమ్మలు ఎక్కువ దొరుకుతాయి, ఒక ఆదివారంలో సుత్తి నుంచి ట్రిగ్గర్ దాకా గీసేయొచ్చు. అది చేతికొచ్చాక సైడ్‌లాక్, ఆ తర్వాత పర్డీ స్ప్రింగు. జంట గొట్టాల రైఫిల్‌ను ఆఖరుకు ఉంచుకోండి, ముందువి తెలియకుండా దాని దగ్గరికి పోతే సగమే కనపడుతుంది.